కరివేపాకు వేసిన విషం

గోరంట్లవారిపాలెంలో దోమల్లేవు.

ఊళ్ళో ఎవర్నడిగినా గుండెల మీద చెయ్యేసుకుని ఈ మాట చెబుతారు. మిరపతోటల్లో తామరపురుగు మీద వాళ్ళు కొట్టే మందుకి ఆ పురుగు చావకపోతే చావకపోవచ్చు గానీ, దోమ మాత్రం పొలిమేర రాయి దగ్గరే ఆగి, రెండు తుమ్ములు తుమ్మి, దర్శి వైపు తిరిగెళ్ళిపోతుందని ప్రతీతి. కిందటేడు ఒక దోమ దారితప్పి ఊళ్ళోకి వచ్చి, కళ్ళు మండి, ఆటో కట్టించుకుని ఆస్పత్రికి పోయిందని కూడా చెప్పుకుంటారు. ఈ ఆటో సంగతి ప్రచారంలో పెట్టింది త్రినాథ్.

దోమల్లేవన్న ముక్కనే రాజ్యం ఇప్పుడు గుంటూరులో, ఓ ఆస్పత్రి ఐసీయూ బయట నిలబడి, డాక్టరు జయకుమారి గారికి మొహమ్మీదే చెప్పింది.

"మా ఊళ్ళో దోమ బతకదమ్మా. దోమకాటు జొరం మాకెందుకొస్తది?"

డాక్టరు గారు రాజ్యం మోచేతి మీదున్న ఎర్రటి దద్దుర్లు చూసింది. పక్కనే ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటున్న త్రినాథ్‌ని చూసింది. వాడి పిక్కల మీద కాట్లు కలిపి గీస్తే ప్రకాశం జిల్లా పటం వచ్చేట్టుంది.

"మరివేంటి?"

"చెమటకాయలండీ," అన్నాడు త్రినాథ్.

"నవంబర్లోనా?"

"మాది బాగా ఎండల ఊరండీ."

"తోటలో మందు కలుపుకునే డ్రమ్ములుంటాయిగా? వానలు పడ్డాక వాటిల్లో నీళ్ళు పారబోశారా?"

"నీళ్ళెవరన్నా పారబోస్తారా అండీ? మళ్ళీ మందు కొట్టటానికి కావాలి. లోపల చిన్నచిన్న తోకపురుగులు తిరుగుతుంటాయి గానీ, ఏం చెయ్యవు పాపం."

"అవి దోమ పిల్లలయ్యా," అని డాక్టరు గారు లోపలికెళ్ళిపోయింది.

ఊరి పరువు అలా రెండు నిమిషాల్లో పోయింది.

కిందటివారం సంచికలో యలమంద తన వసారాలో నులకమంచం మీంచి దొర్లిపడి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ, నోట నురగ కక్కుతుండగా మనం వాణ్ణలాగే వదిలేసి వచ్చేశాం. పేజీ అయిపోయింది మరి, ఏం చేస్తాం. ఆ తర్వాత ఆ మంచం కింద పురుగుమందు డబ్బా ఒకటి దొరికింది. 'ప్రళయం గోల్డ్' అని పేరు, పేరు కింద పుర్రె బొమ్మ. మూత లేదు. లోపల సగానికి తెల్లగా ఏదో ఉంది. మిరపా పత్తీ పండించే చోట మనిషి నురగ కక్కుతుంటే, పక్కన డబ్బా కూడా దొరికితే, ఇంకెవరూ ఇంకో ప్రశ్న వెయ్యరు. మందు తాగాడనుకుంటారు, అంతే. దర్శిలో చూపించిన చోట వాళ్ళూ అదే అనుకుని విరుగుడు సూదులు పొడిచి గుంటూరు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సు తలుపు వేసేముందు యలమంద తల్లి రాజ్యం వీధి వీధంతా వినేట్టు, "నా కొడుకు తాగే మనిషి కాదు. ఇదే పోసింది," అని కోడలి వైపు వేలు చూపించింది.

ఆ కోడలు శ్రీదివ్య. త్రినాథ్‌కి సొంతక్క. వాడు డిప్లొమాలో మిగిలిపోయిన సబ్జెక్టులు రాసి, రెండ్రోజులుండి పోదామని అక్క ఇంటికొచ్చి, మిరప నారు పోసి, నాటి, పూతకొచ్చేదాకా ఉండిపోయాడు. ఊరికే ఉన్నాడనుకోకండి. వెన్నెల్లో కూర్చున్నందుక్కూడా కరెంటాఫీసువాళ్ళు ఛార్జీ వేస్తున్నారని నమ్మించి, సగం వీధిని పున్నమి పూట ఇళ్ళల్లో కూర్చోబెట్టాడు. అందుకని వాడు నిజం చెప్పినా ఊళ్ళో ఒకసారి పక్కవాళ్ళనడిగి నమ్ముతారు.

ఇప్పుడు వాడు ఆ వరండాలో బెంచీ మీద అక్క పక్కన కూర్చుని మహా అనుమానంగా లోకాన్ని చూస్తున్నాడు.

"అక్కా, నువ్వు బెంగపడమాకు. ఈ డబ్బా అక్కడ పెట్టిందెవరో సాయంత్రంలోగా తేల్చేస్తా."

ఇంట్లో మంచం కింద డబ్బా దొరికిన దగ్గర్నుంచీ శ్రీదివ్య మాట్లాడటం తగ్గించేసింది. ఏం మాట్లాడినా అత్తగారు దాన్ని పట్టుకుని పక్కవాళ్ళకి అర్థం చెబుతోంది.

"మందుల కొట్టు అల్లాబక్షు ఉన్నాడా," త్రినాథ్ గొంతు తగ్గించాడు. "బావ ఈ ఏడు వాడి దగ్గర కొనకుండా దర్శిలో కొన్నాడు. వాడి చూపు నేను గమనించా. నవ్వుతూ పలకరిస్తాడు. ఎందుకు నవ్వాలి?"

"కొట్టతను నవ్వకుండా ఏం చేస్తాడ్రా?"

"అంబులెన్సు డ్రైవరు మీద కూడా నాకు డౌటుంది. మనం ఫోన్ చేసిన వెంటనే వచ్చాడు. అంత తొందరగా వచ్చాడంటే ముందే తెలిసుండాలి."

"త్రినాథా. కాసేపు నోరు మూస్తావా?"

"సరే గానీ, మీ అత్తయ్య మాత్రం..."

"ఒరేయ్!"

మూశాడు. మూశాడంటే పైకి మాటలు ఆపాడు. లోపల వాడి బుర్ర వరండాలో పోయే ప్రతి మనిషినీ ఆపి సోదా చేస్తూనే ఉంది. స్ట్రెచర్ తోసేవాడు ఎందుకు ఈల వేస్తున్నాడు? ఆ నర్సు మనల్ని చూసి ఎందుకు తల తిప్పుకుంది? ఇలా అందర్నీ అనుమానిస్తూ ఉంటే ఒక లాభముంది. మనిషికి తన గురించి ఆలోచించుకునే తీరిక దొరకదు.

ఎదురు బెంచీ మీద రాజ్యం కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. మధ్యలో లేచి ఐసీయూ తలుపు అద్దంలోంచి తొంగిచూసి, కొడుకు పాదాలు కనిపిస్తే చాలన్నట్టు మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. ఆ పాదాలు కదులుతున్నాయా లేదా అన్నది ఆమెకి అర్థం కావట్లేదు. అడిగితే ఏం చెబుతారో అని అడగటమూ లేదు.

డాక్టరు గారు బయటికొచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్యలో కూర్చుంది.

"చూడమ్మా, నాకు ఒక్క సంగతి తేలాలి. ఇతను మందు తాగాడా, లేదా? తాగుంటే ఆ విరుగుడు ఇంకా ఇస్తూ పోవాలి. తాగకపోతే వెంటనే ఆపాలి. ఆ విరుగుడు ఎక్కువైతే అదే జ్వరం పెంచుతుంది, అదే పిచ్చిమాటలు తెప్పిస్తుంది."

"రక్తం తీశారుగా, అందులో తెలీదా?" అంది రాజ్యం.

"తీశాం. కాస్త తేడా చూపించింది. కానీ పొద్దస్తమానం తోటల్లో మందు కొట్టే మనిషికి తాగకపోయినా ఆ కాస్త తేడా ఉంటుంది. నా దగ్గరికి మీ వైపు నుంచి కాలు విరిగి వచ్చినవాళ్ళకి కూడా ఉంటుంది. దాన్నిబట్టి తాగాడని చెప్పలేను, తాగలేదనీ చెప్పలేను."

"కళ్ళు చూస్తే తెలుస్తదంటారుగా?" త్రినాథ్ అడిగాడు.

"మందు తాగినవాడి కంటిపాప ఆవగింజంత అవుతుంది. నిజమే. కానీ విరుగుడు పడ్డాక ఎవరిదైనా పెద్దదవుతుంది. ఆ సూది వెయ్యకముందు ఎలా ఉందో చూసినవాళ్ళు లేరు." డాక్టరు గారు శ్రీదివ్య వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఫిట్స్ రాకముందు జ్వరముందా?"

శ్రీదివ్య ఒకసారి అత్తగారి వైపు చూసి చెప్పింది.

"ఉందండి. నాలుగు రోజుల నుంచీ కాలిపోతున్నాడు. కీళ్ళన్నీ పట్టేసి, ముసలాయన నడిచినట్టు గోడ పట్టుకుని నడిచాడు. ఆ జ్వరంతోనే తోటకి పోయి ఒక పూట మందు కొట్టాడు. వద్దన్నా వినలేదు. తర్వాత తలనొప్పన్నాడు. వెలుగు చూడలేక కళ్ళ మీద తువ్వాలు కప్పుకున్నాడు. పడిపోయిన రోజు మధ్యాహ్నం నేను నీళ్ళు తీసుకెళితే..." ఆమె ఆగింది. "నన్ను చూసి, 'ఎవరు కావాలమ్మా?' అన్నాడండి."

"చూశారా?" రాజ్యం అందుకుంది. "కట్టుకున్న పెళ్ళాన్ని ఎవరని అడిగాడంటే ఎంత విరక్తి పుట్టుంటదో మీరే చెప్పండి! పొద్దున్నే ఇద్దరూ అరుచుకున్నారు, నేను విన్నా."

"తోటకి పోవద్దని అరిచాను అత్తయ్యా!"

"నాకు చెప్పమాకు. మేడం గారికి చెప్పు. పోలీసులకి చెప్పు."

"పెద్దమ్మా, ఆగండి," అంది డాక్టరు గారు. "అది విరక్తి కాదు. జ్వరం మెదడుకెక్కితే మనిషి మనుషుల్ని పోల్చుకోలేడు. మెడ కూడా బిగిసిపోయింది, చూశాను. డెంగ్యూ, చికున్‌గున్యా, మెదడువాపు... ఈ దోమల వైరస్సుల్లో ఏదో ఒకటి మెదడుదాకా పోయిందని నా అనుమానం. చాలామందికి ఒళ్ళునొప్పులతో పోతుంది. ఎవరో ఒకరికి ఇలా తలకెక్కుతుంది. ఫిట్స్ వస్తాయి, నురగా వస్తుంది. చూసేవాళ్ళకి మందు తాగినట్టే ఉంటుంది. తేలాలంటే వెన్నులోంచి కాస్త నీరు తీసి చూడాలి. మీరు సంతకం పెట్టాలి."

రాజ్యం రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వెన్నులో నీరా? వద్దు. మా ఆడపడుచు మొగుడికి అట్టాగే తీశారు. మళ్ళీ లేచి నడవలేదు."

"ఆయన లేవలేకపోతేనే గదా అత్తయ్యా తీసింది," అంది శ్రీదివ్య.

"నీకేం పోయింది! వాడు మంచాన పడితే చేసేది నేనా నువ్వా? నువ్వు చేస్తావా? పెట్టను. సంతకం పెట్టను. మందు తాగినోడికి పొట్ట కడుగుతారు గానీ, వెన్నులో పొడవటమేంటమ్మా?"

"నేను పెడతానండి," అంది శ్రీదివ్య.

డాక్టరు గారు ఇబ్బందిగా కదిలింది. "నీ మీదే అనుమానమంటున్నారమ్మా. నువ్వు పెట్టిన సంతకం మీద సూది వేసి, రేపు ఏదన్నా అయితే... మా పైవాళ్ళు ఒప్పుకోరు. మీ అత్తగారు పెట్టాలి. అదీ తొందరగా పెట్టాలి."

సరిగ్గా అప్పుడే మెట్లెక్కి రొప్పుతూ హెడ్ కానిస్టేబుల్ నాగూర్ వలి వచ్చాడు. వాంగ్మూలం రాసుకోవటానికి వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో ప్లాస్టిక్ సంచీ. మూతి దగ్గర తాడు కట్టి లక్క సీలు వేసిన ఆ సంచీలో 'ప్రళయం గోల్డ్' డబ్బా. ల్యాబులో ఇచ్చి రమ్మంటే దారిలో ఇక్కడ ఆగాడట. దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు గనక, పక్కసీటు ఖాళీగానే వచ్చింది.

త్రినాథ్ ఆ సంచీ చూసి బెంచీ మీద కొంచెం అవతలికి జరిగాడు.

"రాజ్యమ్మ గారూ, మీరు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటా," అన్నాడు వలి. "కోడలి మీద అనుమానం అని రాస్తే మాత్రం ఆవిడ నాతో స్టేషనుకి రావాల్సి ఉంటది. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేముంది? రాసుకో."

శ్రీదివ్య బెంచీ అంచు పట్టుకుంది. "నేను రాను. ఆయన కళ్ళు తెరిచేదాకా ఇక్కణ్ణించి కదల్ను."

"అదీ మాటే తల్లీ. కానీ రూలు నాదా?"

"ఒక్క నిమిషం," అంది డాక్టరు గారు. ఆమె చూపు సంచీ మీదుంది. "వలి గారూ, దీన్ని మీరు కట్టినప్పుడు ఇంత ఉబ్బుగానే ఉందా?"

వలి గర్వంగా సంచీ ఎత్తి చూపించాడు. బెలూన్లా బిగిసి ఉంది. "లేదు మేడం. మొన్న వదులుగా ఉంది. నిన్నట్నించీ ఉబ్బుతోంది. మందు పవరు అలాంటిది. నేను స్టేషన్లో ఎవర్నీ దాని పక్కన కూర్చోనివ్వలా."

"విప్పొద్దు. అలాగే ఇవ్వండి."

ఆమె సంచీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగుకెత్తింది. డబ్బాలో తెల్లటిది రెండుగా విడిపోయి ఉంది. అడుగున ముద్ద, పైన తేట నీళ్ళు. డబ్బా మెడ దగ్గర లోపలివైపు ఏదో అతుక్కుని ఉంది.

"పురుగుమందు నిలవుంటే ఉబ్బదండి. మజ్జిగ ఉబ్బుతుంది. పులుస్తుంది కాబట్టి." ఆమె డబ్బా మెడ దగ్గర వేలు పెట్టింది. "ఇదేంటి చూడండి."

వలి నుదుటి మీది కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. "ఆకు."

"ఏం ఆకు?"

"మిరపాకా?"

"కరివేపాకు."

వలి కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. ఆకు మారలేదు.

"మేడం, నా సర్వీసులో రకరకాలుగా తాగినోళ్ళని చూశా. కూల్‌డ్రింకులో కలుపుకున్నోళ్ళున్నారు, కల్లులో కలుపుకున్నోళ్ళున్నారు. కరివేపాకు వేసుకుని, రుచి చూసుకుని తాగినోణ్ణి మాత్రం చూళ్ళేదు."

డాక్టరు గారి మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. కానీ ఆమె నోరు తెరిచేలోపే రాజ్యం లేచి నిలబడింది.

"మజ్జిగా? మజ్జిగలో కలిపి పోసిందా?" ఆమె వలి వైపు తిరిగింది. "మా ఇంట్లో కరివేపాకూ అల్లమూ వేసి మజ్జిగ చేసేదెవరో అడుగు వలీ. అడుగు! మంచినీళ్ళడిగిన నా బిడ్డకి..."

చూశారా సంగతి. అక్కని బయటపడేస్తుందనుకున్న ఆకే అక్క మెడకి చుట్టుకుంది.

వలి పెన్ను తీశాడు. ఇందాకటి నవ్వు మొహం ఇప్పుడు లేదు. "అమ్మా శ్రీదివ్యా. ఆ రోజు మజ్జిగ నువ్వే చేశావా?"

"చేశానండి."

"నీ భర్తకిచ్చావా?"

"ఇవ్వబోయాను. నోరు చేదుగా ఉంది, వద్దన్నాడు."

"అత్తగారికి?"

"అత్తయ్యకి అల్లం పడదండి."

"మరి చేసిందంతా ఎవరికిచ్చావు?"

శ్రీదివ్య చెప్పటానికి నోరు తెరిచింది. తెరిచి, ఆగిపోయింది. నెమ్మదిగా తల తిప్పి తమ్ముడి వైపు చూసింది.

త్రినాథ్ నేల వైపు చూశాడు. ఆ వరండా నేలంత ఆసక్తికరమైన నేల వాడు జన్మలో చూసినట్టు లేడు. అయినా అక్క చూపు వాడి నెత్తి మీద అలాగే ఉంది. ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి, "చెంబుడూ నాకేనా అక్కా? బావకొద్దా?" అని తీసుకెళ్ళింది వాడే. అది వాడికి తెలుసు, ఆమెకి తెలుసు. లోకంలో ఇంకెవరికీ తెలీదు.

"చెప్పమ్మా. ఎవరికి?"

"నేనే తాగానండి," అంది శ్రీదివ్య.

"మొత్తమా?"

"మొత్తం."

వలి రాసుకోబోయాడు. పెన్ను కాయితానికి ఆనింది. ఒక అక్షరం కూడా పడకముందే త్రినాథ్‌కి తన గొంతు తనకే వినిపించింది. ఎవరో పక్కింటివాడు మాట్లాడుతున్నట్టు.

"అబద్ధం. ఆ మజ్జిగ నాది."

అందరూ తిరిగారు.

"డబ్బా కూడా నేనే పెట్టా. ఊరికే... తమాషాకి."

"తమాషాకా?" అన్నాడు వలి.

"బావ నాలుగు రోజుల్నుంచీ నవ్వలేదు. అత్తయ్య ఏమో, కొడుక్కి జ్వరమొచ్చిందంటే కోడలు సరిగ్గా చూసుకోకే అని పొద్దుట్నుంచీ అక్కని తిడతానే ఉంది. అందుకని అత్తయ్య బజారు నుంచి వచ్చేసరికి నేను మంచం పక్కన నాలుక బయటపెట్టి పడుకుందామనీ, పక్కన ఈ డబ్బా పడి ఉండాలనీ, అత్తయ్య కెవ్వుమంటే బావ నవ్వుతాడనీ... వీడియో తీద్దామని దొడ్లో ఉన్న ఫోను కోసం పోయా. వచ్చేసరికి బావ కింద పడున్నాడు."

"మరి అప్పుడే చెప్పొచ్చుగదరా!" అన్నాడు వలి.

"ఎట్టా చెప్పను? అందరూ ఆ డబ్బా చుట్టూ మూగి అరుస్తున్నారు. కాసేపాగి చెబుదామనుకున్నా. కాసేపయ్యాక పోలీసులొచ్చారు. పోలీసులొచ్చాక ఇంక..."

రాజ్యం కొట్టింది. మామూలుగా కొట్టలేదు. ఆ దెబ్బకి వరండా చివర నిద్రపోతున్న ఎవరి తాతో లేచి కూర్చుని టోకెన్ నంబరు పిలిచారా అని అడిగాడు.

"నా ఇంటి కూడు తింటా, నా కోడల్ని జైలుకి పంపిస్తావట్రా?" అంది. ఆ ముక్క ఆమె నోట్లోంచి వచ్చాక, నా కోడల్ని అన్నందుకు ఆమే ఒక క్షణం తెల్లబోయింది.

శ్రీదివ్య మాత్రం కొట్టలేదు, తిట్టలేదు. తమ్ముణ్ణి చూడటం మానేసింది. అంతే.

"డబ్బా ఎక్కడిది?" అడిగాడు వలి.

"తోటలో గట్టు మీద ఖాళీవి కుప్ప ఉంటదిగా. అందులోది."

"కడిగే పోశావా?"

"ఆ... కడిగానండి. బాగా కడిగా. సగానికే పోశా."

"తాగాడా మీ బావ?"

"లేదండి. సగానికి పోశా, సగమే ఉందిగా ఇప్పుడూ."

డాక్టరు గారు అప్పటికే లేచి నిలబడింది. "పెద్దమ్మా, విన్నారుగా. విషం లేదు. ఇది జ్వరమే, మెదడుకెక్కింది. ఆ వైరస్‌కి విరుగుడంటూ నా దగ్గర లేదు, ఉన్నమాట చెబుతున్నా. కానీ ఫిట్స్ ఆపగలను, వాపు తగ్గించగలను, మందుకి లొంగే వేరే జబ్బేమన్నా దాక్కుందేమో చూడగలను. ముందు వెన్నునీరు తియ్యనివ్వండి. కాళ్ళు పోవు. నా మాట నమ్మండి."

రాజ్యం కాయితం తీసుకుంది. పెన్ను పట్టుకోవటం చేతకాలేదు. శ్రీదివ్య వచ్చి ఆ కాయితం కింద ఫైలు పట్టుకుంది. అత్తగారు సంతకం పెట్టింది. పెట్టి, కోడలి మొహం చూడకుండా, గోడకి చెబుతున్నట్టుగా అంది.

"ఏమ్మే, పొద్దుట్నుంచీ ఏమన్నా తిన్నావా నువ్వు?"

"లేదత్తయ్యా."

"ఆ సంచీలో ఇడ్లీలున్నయ్. తిను. వాడు లేచేసరికి నువ్వు పడిపోతే నన్నంటాడు."

వలి ఫైలు మూసేశాడు. సంచీ మాత్రం ల్యాబుకి పోవాల్సిందేనన్నాడు. పులిసినా సాక్ష్యం సాక్ష్యమే కదా అని, త్రినాథ్ వైపు ఒక చూపు చూసి, "నీతో నాకు తర్వాత పనుంది," అని టీ కోసం మెట్లు దిగాడు.

డాక్టరు గారు ఐసీయూ తలుపు తోస్తూ లోపలి నర్సుతో గట్టిగా చెప్పటం త్రినాథ్‌కి వినిపించింది. "ఆ విరుగుడు డ్రిప్ ఆపెయ్యమ్మా. ఇంక అక్కర్లేదు. మందు తాగలేదు."

అందరికీ బాగానే ఉంది. అక్క ఇడ్లీ తుంచుతోంది. అత్తయ్య నీళ్ళసీసా మూత తీస్తోంది. చెంప మండుతోంది గానీ అదేమంత సంగతి కాదు. రేపో ఎల్లుండో బావ లేస్తాడు, ఇదంతా చెప్పుకుని వీధంతా పదేళ్ళు నవ్వుతారు. వాడు ఇంకేం మాట్లాడకుండా ఇలాగే కూర్చుంటే చాలు. జీవితంలో వాడికి ఇంతకంటే తేలికైన పని ఎవరూ చెప్పలేదు.

త్రినాథ్ లేచాడు.

"ఎక్కడికిరా?" అంది శ్రీదివ్య, తల ఎత్తకుండానే.

తలుపు మీద లోపలికి రాకూడదని రాసుంది. తోసుకుని వెళ్ళిపోయాడు. నర్సు అరిచింది. మూడో మంచం మీద బావ పక్కకి తిరిగి ముడుచుకుని ఉన్నాడు. వీపు మీద ఎర్రటి మందు రాసి ఉంది. డాక్టరు గారు గ్లవుజులు వేసుకుంటోంది. డ్రిప్ పైపు తీసేసి స్టాండుకి చుట్టేశారు.

"బయటికి పో బాబూ!"

"అది పెట్టెయ్యండి," అన్నాడు త్రినాథ్. వేలు ఆ పైపు వైపు చూపించాడు. "మళ్ళీ పెట్టెయ్యండి అది."

"ఎందుకు?"

"నేను సగానికి పొయ్యలేదండి. మెడదాకా పోశా."

వెనకాల తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అక్క వచ్చిందని వాడికి తెలిసింది. వెనక్కి తిరగలేదు.

"కడిగావుగా?" అంది డాక్టరు గారు.

"లేదండి. నేను తాగేది కాదుగా అని... కడగలేదు." వాడు మంచం మీదున్న బావ వైపు చూశాడు. "కంగారుపడతాడేమోనని, అందులో ఉంది మజ్జిగేలే బావా అని చెప్పా. కడగలేదని మాత్రం చెప్పలేదు."